పెట్టె తప్పదని నమ్మిన ఊళ్ళలో

మహబూబ్ అలీ అనే దర్జీ శ్రుతి తప్పి పాడి మా భజన మేళాన్ని పోటీలో ఓడించాడని నేను చాలా ఏళ్ళుగా చెబుతూ వచ్చాను. తెనాలిలో నా మోటార్ల రీవైండింగ్ షాపుకు వచ్చినవాళ్ళలో ఈ కథ వినని వాళ్ళు తక్కువ. కాలిన మోటారు విప్పుతూ మొదలుపెట్టేవాణ్ణి. మహబూబ్ గొంతు ఒకవైపు, నా హార్మోనియం ఒకవైపు ఎలా పోయాయో నోటితోనే రెండు మోతలూ చేసి చూపించేవాణ్ణి. జనం బల్ల మీద చరుస్తూ నవ్వేవారు. కొందరైతే చుట్టాలను వెంటబెట్టుకొచ్చి మళ్ళీ చెప్పించుకునేవారు.

ఆ కథలో ఒక మాట మాత్రం ఎన్నడూ చెప్పలేదు. తప్పింది మహబూబ్ కాదు, నేను.

ఆ మాట చెప్పడానికే మొన్న ఎండలు ముదరకముందు సంగారెడ్డి జిల్లాకు వెళ్ళివచ్చాను. తప్పు ఒప్పుకోవడానికి బయలుదేరినవాడు తల వంచుకుని వెళ్ళాలి. నేను పెళ్ళికి వెళ్ళేవాడిలా కొత్త చొక్కా వేసుకుని, హార్మోనియం పెట్టెను దుప్పట్లో చుట్టుకుని, దారి పొడుగునా కూనిరాగాలు తీస్తూ వెళ్ళాను. వయసులో ఉండగా ఎలక్ట్రీషియన్‌గా ఆరేడేళ్ళు బతికిన చోటది. ఆ ఊళ్ళ పేర్లు తలుచుకుంటే చాలు, కాళ్ళకు గజ్జెలు కట్టినట్టు ఉంటుంది. మా మేళంలో ఢోలక్ వాయించిన యాదగిరి ఫోన్ చేసి, "సారూ, హత్నూర దిక్కు పాత మేళాలన్నీ ఒక్కకాడ కూసుంటున్నయ్, పెట్టె పట్కొని జల్దీ రా" అన్నాడు. ఇంక ఆగుతానా.

పటాన్‌చెరు

బస్సు దిగగానే ఇరానీ హోటలు కనిపించింది. మా తెనాలిలో పొద్దున కాఫీ పడకపోతే రోజు మొదలవదు. ఇక్కడ చాయ్‌ది వేరే లెక్క. కాఫీని తాగి లేస్తాం, చాయ్ దగ్గర కూర్చుంటాం. ఒక్క చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకుని పక్క బల్ల మీద ఒక పెద్దమనిషి ఎంతసేపు కూర్చున్నాడంటే, నేను రెండో చాయ్ తాగి, మిర్చి బజ్జీలు తిని, ఆయన కొడుకు సంబంధం ఎందుకు తప్పిపోయిందో అంతా విని లేచేసరికి కూడా ఆయన కప్పులో చాయ్ ఉంది. చాయ్ ధర పెరిగింది, కప్పు చిన్నదైంది. కూర్చోనిచ్చే సమయం మాత్రం తగ్గలేదు.

షేరింగ్ ఆటో ఎక్కాను. ముగ్గురు పట్టే చోట ఎంతమందిమి ఉన్నామో చెబితే నమ్మరు. డ్రైవరు నా మూట వంక అనుమానంగా చూశాడు.

"గా దుప్పట్ల ఏమున్నది కాకా? మిక్సరా?"

"హార్మోనియం."

"గదెందుకు? ఫోన్ల పాటలొస్తయి గద."

"ఫోన్లో నేను వాయించలేనయ్యా."

"అట్లయితే మంచిగ ఒళ్ళ పెట్టుకో. మోరీల పడితే నన్ననొద్దు."

పెట్టె కొంత నా ఒళ్ళో, కొంత పక్కన కూర్చున్న ఒక అమ్మ ఒళ్ళో ఉంది. ఆమె చేతిలో సొరకాయలు. తిత్తి కొక్కెం ఎప్పుడు ఊడిందో, స్వరాల మెట్ల మీద దుప్పటి ముడి ఎలా ఒత్తుకుందో తెలియదు. మొదటి స్పీడ్ బ్రేకర్ రాగానే పెట్టె "ఊఁ" అని మూలిగింది. ఆటోలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండో స్పీడ్ బ్రేకర్‌కు ఇంకా గట్టిగా మూలిగింది.

"మేకపిల్లను తోల్కపోతున్నవా కొడుకా?" అందా అమ్మ జాలిగా. "గాలాడక సస్తది. జెర ముడి ఇప్పు."

ముడి విప్పి చూపించాను. ఒక ఒడిశా కార్మికుడు రెండు చేతులూ జోడించి పెట్టెకు దణ్ణం పెట్టాడు. వాళ్ళ ఊరి కీర్తనలో కూడా ఇదే ఉంటుందని హిందీలో చెప్పాడు. పెట్టెను తన ఒళ్ళోకి తీసుకుని, దిగేదాకా పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆ తరువాత ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ డ్రైవరు వెనక్కి తిరక్కుండానే "ఆఁ, అను" అనేవాడు. పెట్టె అనేది. సొరకాయల అమ్మ దిగేవరకూ నవ్వుతూనే ఉంది.

గడ్డపోతారం

మందుల ఫ్యాక్టరీల వాసన కలిసిన గాలి ముక్కుకు తగలగానే నాకు పాట గుర్తొస్తుంది. ఎవరికి చెప్పినా నవ్వుతారు గానీ, నా ముక్కు, చెవి అక్కడే జతపడ్డాయి.

యాదగిరి ఇప్పుడు కూడలి దగ్గర టిఫిన్ హోటలు నడుపుతున్నాడు. నేను వెళ్ళేసరికి పెద్ద గిన్నెలో పిండి కలుపుతున్నాడు. చేతులు ఢోలక్ మీద ఆడినట్టే ఆడుతున్నాయి.

"వచ్చినవా పెట్టె సారూ. బక్కగయినవ్ గదనే. గా తెనాల్ల తిండి పెడ్తలేరా?"

ఇది నేను మరిచిపోయిన మర్యాద. ఇక్కడ 'సారూ' అంటారు, వెంటనే 'నువ్వు' అంటారు. మా వైపు సారు అన్నాక 'మీరు' అనాల్సిందే. మొదట్లో నొచ్చుకున్నాను. తరువాత అర్థమైంది, సారు నా ఉద్యోగానికి, నువ్వు నాకు.

యాదగిరి నన్ను కూర్చోబెట్టి జొన్నరొట్టె, తలకాయ కూర పెట్టాడు. పక్కన పచ్చిపులుసు. చింతపండు రసాన్ని పొయ్యి ఎక్కించకుండా ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి తాగేస్తారు ఇక్కడ. మా ఇంట్లో ఇది చెబితే, పులుసు కాచడం మరిచిపోయారేమో అంటారు. ఒక్కసారి తాగినవాడు ఆ మాట అనడు.

తింటుంటే పాత రోజులన్నీ పళ్ళెం చుట్టూ చేరాయి. అప్పట్లో ఈ చుట్టుపక్కల ప్రతి ఊరికీ ఒక భజన మేళం. పొలం ఉన్నవాళ్ళు, పొలం అమ్మి ఫ్యాక్టరీలో చేరినవాళ్ళు, మాలాంటి వలస వచ్చినవాళ్ళు, అందరం అందులోనే. మేళం ఏ రోజు ఏం పాడుతుందో షిఫ్టులు నిర్ణయించేవి. యాదగిరి పొద్దుటి షిఫ్టులో ఉన్న వారం సాయంత్రాలు ఊపున్న పాటలు. అతను రాత్రి షిఫ్టుకు మారితే ఢోలక్ లేని తత్వాలు. ఊళ్ళో ఆడవాళ్ళు మా పాటలు విని, ఎవరి మొగుడు ఏ షిఫ్టులో ఉన్నాడో చెప్పేవారు.

మా తాళాలు కూడా ఫ్యాక్టరీవే. టర్నర్ నర్సింలు స్టీలు ముక్కను లేత్ మిషను మీద తిప్పి చేశాడు. కంచు తాళమైతే మోగి ఆగుతుంది. ఆ స్టీలు తాళం ఒకసారి మోగితే, పాట అయిపోయి, హారతి అయిపోయి, ప్రసాదం పంచుతున్నా ఇంకా సన్నగా మోగుతూనే ఉండేది. నర్సింలు దాన్ని చొక్కాలో దాచి, పొట్టకు అదుముకుని ఆపేవాడు.

మేళానికి పాటగాడు మహబూబ్. హత్నూర మండలం వాడు. ఫ్యాక్టరీ గేటు ఎదుట కుట్టు మిషను పెట్టుకుని మా అందరి యూనిఫారాలు కుట్టేవాడు. పీర్ల పండుగలో పాడేది ఆయనే, భజనలో ముందు కూర్చునేదీ ఆయనే. కుడుతూ కుడుతూ తత్వాలు కట్టేవాడు. "సూది సందుల దూరి పోయెటి దారమా, నీ వెనుక ఎందరు వస్తరో" అని ఒకటి ఎత్తాడంటే ప్యాంటు కొలతలకు వచ్చినవాడు కొలతలు మరిచిపోయి కూర్చునేవాడు.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. నా తప్పంతా అందులోనే ఉంది. మా తెనాలి వైపు పద్యనాటకంలో హార్మోనిస్టు ముందు శ్రుతి ఇస్తాడు, నటుడు దాన్ని అందుకుంటాడు. ఇక్కడ తలకిందులు. పాటగాడు తనకు తోచిన చోట పాట ఎత్తుకుంటాడు. పెట్టె అతన్ని వెతుక్కుంటూ వెళ్ళి, ఏ మెట్టు మీద నిలబడ్డాడో కనిపెట్టి చేరుకోవాలి. నేనేమో, మా నాన్న నాటకాలకు వాయించేవాడని, నాకు అన్ని శ్రుతులూ వచ్చునని మొదటి రోజే గొప్పలు చెప్పుకున్నాను. నిజానికి నాకు వచ్చింది ఒకే ఒక శ్రుతి, పాటగాళ్ళు 'రెండు' అని పిలిచేది. దాని మెట్ల మీద ఎర్ర ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించుకుని వాటి మీదే వేళ్ళు నడిపేవాణ్ణి. అవి అలంకారమనుకున్నారు మావాళ్ళు.

అయినా చాలాకాలం పట్టుబడలేదు. ఎందుకంటే మహబూబ్ ఎప్పుడూ రెండులోనే ఎత్తేవాడు. కారణం మా ఫ్యాక్టరీ సైరను. షిఫ్టు మారేటప్పుడు ఆ బటను నొక్కేది నేనే. సైరను కిందనుంచి ఏడుస్తూ పైకెక్కి ఒకచోట నిలబడేది. సరిగ్గా రెండు శ్రుతి దగ్గర. మహబూబ్ మిషను ఆపి, కళ్ళు మూసుకుని, సైరనుతో కలిసి 'ఆ' అని ఒక్క రాగం తీసేవాడు. గేటు దాటే కార్మికులు ఆగి వినేవారు. ఆ శ్రుతి ఆయన చెవిలో సాయంత్రం దాకా ఉండేది. నేను సైరనుతో ఆయనకు శ్రుతి ఇస్తున్నానని తెలిసి, ఇంటికి పోయి అద్దంలో నా ముఖం నేను మెచ్చుకున్న రోజులున్నాయి.

"మహబూబ్ ఎట్లున్నడు?" అని యాదగిరిని అడిగాను. అక్కడ కూర్చుంటే నాకూ ఆ యాసే వస్తుంది.

"మంచిగనే ఉన్నడు. పటేల్‌గూడల బిడ్డ దగ్గరుంటడు. మేళాలకస్తడు. కని పాట ఎత్తడు."

"ఎప్పటినుంచి?"

"గా పోటీ నుంచే. ఎనకాల కూసుని వంత పాడ్తడు గంతే. ఎంత బతిమిలాడినా, 'నా గొంతు మీద నాకు నమ్మకం లేదు యాదగిరీ' అంటడు." రొట్టె తిరగేస్తూ మళ్ళీ అన్నాడు, "గా గొంతు ఎనక కూసునుడు ఏంది సారూ. రేపు హత్నూరల నువ్వన్న ఎత్తిపియ్. నీ మాటింటడు."

నేను ఇంకో రొట్టె వెయ్యమన్నాను.

దారిలో ఆ ఊరు

గడ్డపోతారం నుంచి పటేల్‌గూడ వెళ్ళే దారిలో పోటీ జరిగిన ఊరు వస్తుంది. పేరు చెప్పను, వాళ్ళ తప్పేమీ లేదు. అప్పట్లో రోడ్డు పక్క ఒక రేకుల షెడ్డు ఉండేది. ఇప్పుడక్కడ గోడౌను. ఆటో ఆపించి దిగి చూశాను.

ఆ మధ్యాహ్నం చుట్టుపక్కల మేళాలన్నీ వచ్చాయి. జనం షెడ్డు బయట ట్రాక్టర్ల మీద కూడా కూర్చున్నారు. మేము పేరున్న మేళం. నర్సింలు తాళాలకు కొత్త దారం కట్టాడు. మా వంతు రాగానే మహబూబ్ ముందుకొచ్చి కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడు పక్కనున్న ఏదో ఫ్యాక్టరీలో షిఫ్టు సైరను మోగింది. మాది కాదు, వేరే సైరను. మాదానికన్నా ఒక్క అర మెట్టు పైన నిలబడింది.

అలవాటు కొద్దీ మహబూబ్ దాన్ని అందుకున్నాడు. రెండున్నరలో ఆ సూది పాట ఎత్తాడు. ఎంత అందంగా ఎత్తాడంటే ట్రాక్టర్ల మీదివాళ్ళు దిగి వచ్చారు. నేను తిత్తి నొక్కి, ఎర్ర టేపుల మీద వేళ్ళు పెట్టాను. పక్కపక్క మెట్లు రెండూ ఒకేసారి మోగితే ఎలా ఉంటుందో విన్నారా. తలుపు కింద పిల్లి తోక పడ్డట్టు ఉంటుంది. నాకు వెంటనే తెలిసింది. ఆయన పైన ఉన్నాడు, నేను కింద ఉన్నాను. ఆచారం ప్రకారం కదలాల్సింది నేను. కదలడం నాకు రాదు. ఆపితే నాకు రాదని తెలిసిపోతుంది. అందుకని ఇంకా గట్టిగా వాయించాను.

పాపం మహబూబ్ ఒక చరణం నిలబడ్డాడు. తరువాత నా పెట్టె వైపు చూసి, తనే తప్పాననుకుని కిందికి దిగబోయాడు, అక్కడా నిలవలేదు, మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. జనం నవ్వడం మొదలుపెట్టారు. పాట సగంలో ఆపేశాడు.

తీర్పు చెప్పిన ముసలి గురువు అన్న మాట ఈ ఊళ్ళన్నింటిలో పాకిపోయింది. "మనిషి గొంతు జారుతది బిడ్డా. పెట్టె ఎట్ల తప్పుతది? అది కట్టెనాయె." అందరూ నా వైపు చూశారు. నేను తల ఊపాను.

గోడౌను కాపలా మనిషి వచ్చి "క్యా చాహియే" అన్నాడు. ఏమీ వద్దని ఆటో ఎక్కాను.

పటేల్‌గూడ

మహబూబ్ కూతురు షాహీన్ ఇల్లు మేడ మీద. కింద షట్టరులో తండ్రీకూతుళ్ళ మిషన్లు. ఆయన గడ్డం తెల్లబడింది గానీ సూదిలో దారం ఎక్కించడానికి ఇంకా కళ్ళద్దాలు వాడడు. నన్ను చూసి లేచి, కౌగిలించుకుని, భుజం మీద టేపు వేసి కొలిచాడు.

"రెండు ఇంచులు తగ్గినవ్ సారూ."

"యాదగిరి కూడా అదే అన్నాడు."

"ఆడు కండ్లతో అన్నడు. నేను కొలిచి చెప్తున్న."

షాహీన్ బగారా అన్నం, ఖీమా వండింది. బగారా అన్నాన్ని మేము బిర్యానీ అనుకుంటాం, వాళ్ళు మామూలు అన్నం అనుకుంటారు. ఎంత తిన్నా "ఏం తింటలేరు అంకుల్" అంటూ వడ్డిస్తూనే ఉంది. మా ఊళ్ళో వద్దంటే ఒకసారి బతిమాలి వదిలేస్తారు. ఇక్కడ వద్దు అన్న మాట చెవికే ఎక్కదు. చివరికి పళ్ళెం మీద రెండు చేతులూ అడ్డం పెట్టాను. చేతుల మీదే వడ్డించింది. చొక్కా చేతులకు ఖీమా అంటింది. మహబూబ్ అక్కడికక్కడే చొక్కా విప్పించి, తను కుట్టిన ఎవరిదో కొత్త చొక్కా తొడిగాడు. "పెండ్లికొడుకుది. శుక్రవారం దాక ఆనికి పనిలేదు, తొడుక్కో" అన్నాడు. పొడుగు మోకాళ్ళ దాకా వచ్చింది. షాహీన్ నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

ఆ నవ్వుల్లోనే ఆయన పోటీ కథ ఎత్తాడు. నేను తెనాలిలో చెప్పేదానికన్నా బాగా చెప్పాడు. గొంతు ఎలా జారిందో, జనం ఎలా నవ్వారో, నర్సింలు తాళం పొట్టకు అదుముకుని ఎలా ఏడ్చాడో, అన్నీ అభినయించి చూపించాడు. షాహీన్ చాలాసార్లు విన్న కథే అయినా మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె గిన్నెలు తీసుకుని వెళ్ళాక ఆయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"సారూ, ఒకటడుగుత. పెట్టె నీ చేతిల ఉండె గద. ఆ దినం నేను ఎక్కడ జారిన? ఎత్తుడులనేనా, చరణంలనా?"

"ఎందుకన్నా ఇప్పుడు?"

"దొరుకుతలేదు నాకు. ఎన్నిసార్లో పాడి చూస్కున్న. ఈ షట్టర్ ఏసుకుని పాడిన. గిక్కడ జారిన అని తెలిస్తే, గది సరిజేసుకుని మళ్ళ ఎత్తుత. తెల్వకుంట ఎట్ల ఎత్తాలె? మళ్ళ జారితే?"

చెప్పడానికే కదా అంత దూరం వెళ్ళాను. ఆయన పెట్టిన అన్నం కడుపులో ఉంది, ఆయన తొడిగిన చొక్కా ఒంటిమీద ఉంది. అడిగినవాడు ఎదురుగా ఉన్నాడు.

"గుర్తులేదన్నా" అన్నాను.

"పోనియ్ తియ్" అని ఆయన లేచి మిషను మీద గుడ్డ కప్పాడు.

హత్నూర

మర్నాడు మేళాలు కూర్చున్న చోటుకు వెళితే చూడటానికి రెండు కళ్ళూ చాలలేదు. వేపచెట్ల మధ్య షామియానాలు, పట్టపగలే వెలుగుతున్న రంగు లైట్లు, ఎటు చూసినా ఢోలక్‌లు. ఒక మేళం పాడుతుంటే ఇంకో మేళం ఆగలేక పక్కన మెల్లగా మొదలుపెట్టేది. రెండూ కలిసి మూడో పాట అయ్యేది. బిహార్ నుంచి వచ్చి ఫ్యాక్టరీలో పనిచేసే నలుగురు తమ ఊరి పాటొకటి అందుకుంటే, మన ముసలివాళ్ళు భాష తెలియకుండానే వంత పాడారు. ఒకాయన వంతలో పూర్తిగా సొంత మాటలు పెట్టి పాడాడు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నర్సింలు స్టీలు తాళాలతో వచ్చాడు. మొదటి పాటకు మోగించినవి భోజనాల దాకా మోగాయనిపించింది. బెల్లం మలీద ముద్దలు పంచారు. నేను ఎన్ని తిన్నానో యాదగిరి అందరికీ చెప్పాడు.

భోజనాలయ్యాక మా వంతు. పెళ్ళికొడుకు చొక్కాలోనే పెట్టె ముందు కూర్చున్నాను. యాదగిరి ఢోలక్ బిగించాడు. మహబూబ్ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. యాదగిరి నా వైపు కళ్ళెగరేశాడు, ఎత్తించు అన్నట్టు.

మైకు నా వైపు తిప్పుకున్నాను.

"ఆనాటి పోటీలో శ్రుతి తప్పింది మహబూబ్ అన్న కాదు. ఆయన పాట సరిగ్గానే ఉంది. నా పెట్టె తప్పు మెట్టు మీద ఉంది. నాకు మార్చడం రాక అలాగే వాయించాను."

జనమంతా నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు.

"సారు మర్యాదస్తుడు" అన్నాడొక పెద్దాయన. "దోస్తు ఇజ్జత్ కాపాడుతుండు."

"పెట్టె తప్పుడేంది సారూ" అని వెనకనుంచి ఇంకొకాయన. "మమ్ముల పిచ్చోళ్ళను చేస్తున్నవా?"

ఇన్నేళ్ళు దాచిన నిజం బయటపెడితే మర్యాద అనుకుంటున్నారు. నేను మళ్ళీ చెప్పాను. మళ్ళీ నవ్వారు. యాదగిరి కూడా నవ్వుతూ "మలీద ఎక్కువైంది సారుకు" అన్నాడు.

నవ్వనిది ఒక్క మహబూబ్. వెనక వరస నుంచి లేచి, మనుషుల మధ్యనుంచి దారి చేసుకుంటూ పెట్టె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సారూ, ఇది మర్యాదనా, నిజమా?"

"నిజమన్నా."

"నిన్న అడిగితే గుర్తులేదంటివి."

"అబద్ధం చెప్పాను."

"అట్లయితే సూపియ్" అన్నాడు.

"నువ్వు ఎత్తితేనే చూపించగలను."

గొంతు మీద నమ్మకం లేదని అన్నేళ్ళు వెనక కూర్చున్న మనిషి, అన్ని మేళాల ముందు ఎత్తాలి. జారితే ఇక ఆ వెనక వరస కూడా ఉండదు. కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "సూది సందుల దూరి" అని ఎత్తాడు.

గొంతు కొంచెం గరుకెక్కింది. అంతే. పాట నిటారుగా ఉంది. వేళ్ళతో మెల్లగా తడిమి చూశాను. రెండున్నర దాటి మూడు మీద ఉన్నాడు. నేను కావాలని, పాత రోజుల్లో లాగా, రెండు మీద వేళ్ళు పెట్టి తిత్తి నొక్కాను.

ఆ మోత షామియానా నిండా లేచింది. ముందు వరసలోవాళ్ళు ముఖం చిట్లించారు. యాదగిరి ఢోలక్ మీద చేతులు ఆగిపోయాయి. "గదే" అన్నాడు. "గా దినం మోత గదే సారూ."

మహబూబ్ రెప్ప కదిలింది. "అన్నా, నువ్వు కదలకు" అన్నాను. ఆయన కదల్లేదు. మొదటి చరణం అలాగే నిలబడి పాడాడు, నేను తప్పు మెట్ల మీదే ఉన్నాను. రెండో చరణానికి వేళ్ళు ఎత్తి మూడు మీదికి మార్చాను. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది అదొక్కటే. పెట్టె ఆయన గొంతు కిందికి వెళ్ళి కూర్చుంది. కీచు మోత పోయింది. ఆయన పాడుతున్నది పాడుతున్నట్టే ఉంది, వెంట్రుకంత కూడా మారలేదు.

షామియానా కింద ఒక్కరూ నవ్వలేదు. మర్యాదస్తుడు అన్న పెద్దాయన మెల్లగా, "పెట్టె జరిగింది రా" అన్నాడు పక్కవాడితో. యాదగిరి ఢోలక్ అందుకున్నాడు. వంత పాడటానికి అన్ని మేళాలూ కలిశాయి. మహబూబ్ పాట మొత్తం పాడాడు, పోటీలో సగంలో ఆగిపోయిన చరణం దగ్గర ఆగకుండా దాటాడు. ఇంకోటి ఎత్తాడు, ఈసారి ఇంకేదో శ్రుతిలో. నేను వెతుక్కుంటూ వెళ్ళాను, రెండుసార్లు తప్పాను, జనం నా మీద హాయిగా నవ్వారు. అంత హాయిగా నా మీద ఎవరూ నవ్వలేదు. నేను కూడా నవ్వుతూనే వాయించాను.

పాటలు ఆగాక ఆయన నీళ్ళు తాగి నా వైపు తిరిగాడు. ముఖంలో నవ్వు లేదు.

"గా కథ ఎందరికి చెప్పినవ్ సారూ?"

"షాపుకు వచ్చినవాళ్ళందరికీ."

"నవ్విండ్రా?"

"బాగా నవ్వారు."

"ఇగ ఇది గూడ చెప్పు" అన్నాడు. "నవ్వకపోయినా చెప్పు."

చెబుతానన్నాను. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. దాన్ని ఆపలేదు. పెట్టె పక్కకు జరిపి, ఆయన ఎదురుగా కూర్చుని, అందరికీ వినబడేలా అన్నాను:

"మహబూబ్ అన్నా, నువ్వు ఎక్కడా జారలేదు. ఎత్తుడులో జారలేదు, చరణంలో జారలేదు. అది నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ తల ఊపాను, నీ మీద కథ చెప్పి నవ్వించాను, నిన్న నీ ఇంట్లో తిని మళ్ళీ అబద్ధమాడాను. నువ్వు పాడాల్సిన పాటలన్నీ నా వల్ల ఆగిపోయాయి. అవి నేను తెచ్చివ్వలేను. నన్ను క్షమించు."